మంచు తెల్లగానే ఉండాలా? సందెవేళ శీతాకాలపు ఫోటోలు: అపోహలు - వాస్తవాలు

ప్రతి చలికాలం నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటే. "సాయంత్రం తీసిన ఫోటోలో మంచు నీలంగా వచ్చింది, తెల్లగా చేయడం ఎలా?" ఫైలు తెరిచి చూస్తే చాలాసార్లు అందులో సరిచేయాల్సిందేమీ ఉండదు. ఆ నీలమే ఆ ఫోటోకి ప్రాణం. సూర్యుడు దిగిపోయాక నేలంతా మంచు పరుచుకున్న చోట తీసే ఫోటోలు ఎందుకు చెడిపోతాయని వెతుక్కుంటూ పోతే, నాకు చివరికి ఒకే చోటు తగులుతుంది: మంచుని ఎలాగైనా తెల్లగా చూపించాలన్న పట్టుదల. తీసేటప్పుడూ అదే, ఎడిటింగ్‌లోనూ అదే. నేను తరచూ వినే అపోహల్ని ఇక్కడ ఒక్కొక్కటిగా తీసుకుంటున్నాను.

అపోహ: మంచు నీలంగా వచ్చిందంటే వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగుకి తగ్గట్టు కెమెరా రంగుల్ని సర్దే సెట్టింగ్) తప్పినట్టే

మంచుకి తనదంటూ రంగు దాదాపు లేదు. కొత్తగా పడిన మంచు తన మీద పడిన వెలుతురులో 80 నుంచి 90 శాతం వరకు తిప్పి పంపేస్తుంది, అదీ కంటికి కనిపించే రంగులన్నిటినీ ఇంచుమించు సమానంగా. అందుకే పైన ఏ రంగు వెలుగు ఉంటే కింద అదే రంగు. సూర్యుడు ఉన్నంతసేపూ ఎండ, నీడ రెండూ కలిసి ఉంటాయి. అప్పుడు కూడా గమనించండి, మంచు మీద చెట్టు నీడ నల్లగా ఉండదు, నీలంగా ఉంటుంది. ఎందుకంటే ఆ నీడలోకి వచ్చేది ఆకాశపు వెలుతురు మాత్రమే. సూర్యుడు దిగాక మొత్తం నేలంతా అలాంటి ఒక పెద్ద నీడే.

ఆ సమయంలో నడినెత్తిన కనిపించే నీలం పగటి నీలం లాంటిది కాదు. సూర్యకాంతి వాతావరణం గుండా ఏటవాలుగా చాలా దూరం ప్రయాణించి వస్తుంది, దారిలో ఓజోన్ పొర పసుపు, నారింజ, ఎరుపు వైపు కాంతిని కొంత పీల్చేసుకుంటుంది. సందెవేళ నడినెత్తి నీలంలో పెద్ద వాటా ఓజోన్‌దేనని ఎడ్వర్డ్ హల్బర్ట్ అనే శాస్త్రవేత్త 1953లో లెక్కగట్టి చూపించాడు. అంటే ఫోటోలో వచ్చిన నీలం కెమెరా పొరపాటు కాదు, అక్కడ నిజంగా ఉన్నదే.

ఆటో వైట్ బ్యాలెన్స్‌కి ఈ సంగతి తెలియదు. ఫ్రేమ్‌లో నీలం ఎక్కువైందనుకుని దాన్ని లాగేస్తుంది, మంచు కాస్తా బూడిదలా తయారవుతుంది. నేను పగటి ఎండకి సరిపడే డేలైట్ సెట్టింగ్ పెట్టి, సెన్సర్ పట్టిన సమాచారాన్ని అలాగే దాచే రా ఫార్మాట్‌లో తీస్తాను. ఇంటికొచ్చాక నీలం మరీ ముదురుగా అనిపిస్తే కొంచెం తగ్గిస్తాను, ఎందుకంటే అక్కడ నిలబడి ఉన్నప్పుడు మన కన్ను ఆ రంగుకి కొంత అలవాటు పడిపోయి ఉంటుంది. ఎంత తగ్గించాలో మంచుని చూసి తేల్చను. పడమట నేలని ఆనుకుని మిగిలిన సన్నటి గులాబీ, నారింజ చారని చూస్తాను. రంగుల్ని చల్లగా, వెచ్చగా మార్చే టెంపరేచర్ స్లైడర్ని మంచు తెల్లబడేదాకా జరిపితే ఆ చార తుప్పు పట్టిన రంగులోకి మారిపోతుంది. చార శుభ్రంగా ఉన్న చోట ఆగిపోతే మంచు కూడా తన నీలంలో తాను నిలబడుతుంది.

అపోహ: మంచు అంటే ఎక్స్‌పోజర్ రెండు స్టాప్‌లు పెంచాల్సిందే

ఎక్స్‌పోజర్ అంటే కెమెరా పట్టే వెలుతురు, ఒక స్టాప్ పెంచితే అది రెట్టింపవుతుంది. పగటిపూట ఇది మంచి సలహానే. కెమెరా మీటర్ ఏది చూసినా మధ్యరకం బూడిద అనుకుంటుంది కాబట్టి, ఎండలో మెరిసే మంచుని ఒకటి నుంచి రెండు స్టాప్‌లు పెంచకపోతే మాసిపోయినట్టు వస్తుంది. అదే సలహాని సందెవేళకి మోసుకొస్తేనే చిక్కు. రెండు స్టాప్‌లు పెంచిన ఫోటో సాయంత్రంలా ఉండదు, మబ్బు పట్టిన మధ్యాహ్నంలా ఉంటుంది. పైగా పడమటి అంచు కాలిపోతుంది.

అలాగని తక్కువ వెలుతురుతో తీయమని కాదు. తీయడం వేరు, చూపించడం వేరు. తీసేటప్పుడు పడమటి అంచు కాలిపోకుండా ఎంత వెలుతురు పట్టుకోగలిగితే అంత పట్టుకోండి, చీకటిని ఎడిటింగ్‌లో తీసుకురండి. ఫోటోలో చీకటి ఎంత ఉందో ఎడమవైపు, వెలుగు ఎంత ఉందో కుడివైపు చూపించే గ్రాఫ్ హిస్టోగ్రామ్. దాన్ని మూడు రంగులుగా విడదీసి చూస్తే విషయం అర్థమవుతుంది. మంచు దగ్గర నీలం చానెల్ ముందుగా కుడివైపుకి ఎగబాకుతుంది, ఎరుపు ఎడమవైపు ముడుచుకుని ఉంటుంది. తక్కువ ఎక్స్‌పోజర్‌తో తీస్తే ఆ ఎరుపులో మిగిలేది నాయిసే, అంటే గింజల్లాంటి మచ్చలే. తర్వాత మీరు రంగు కొంచెం వెచ్చగా చేద్దామనుకున్నప్పుడు మంచు మీద ఇసుక చల్లినట్టు కనిపించేది అదే.

ఒకసారి సెట్ చేస్తే సరిపోతుందనుకోవడం కూడా కుదరదు. ఆకాశం నిర్మలంగా ఉంటే సూర్యుడు దిగే క్షణంలో సుమారు 400 లక్స్ (వెలుతురుకి కొలమానం) ఉంటుంది. సూర్యుడు క్షితిజానికి 6 డిగ్రీల కిందికి చేరేసరికి మిగిలేది మూడున్నర లక్స్‌కి అటూఇటూ. అంటే దాదాపు ఏడు స్టాప్‌లు. అరగంటలో అంత పడిపోతుంటే ప్రతి నాలుగు నిమిషాలకీ ఎక్స్‌పోజర్ రెట్టింపు చేయాల్సి వస్తుంది. నేను మూడు నిమిషాలకోసారి హిస్టోగ్రామ్ చూసుకుంటాను.

అపోహ: సూర్యుడు దిగిపోయాక ఇక తీసేదేమీ ఉండదు

చాలామంది సరిగ్గా అప్పుడే ట్రైపాడ్ మడిచేస్తారు. ఆ సమయంలో ఒక్కసారి వెనక్కి తిరగండి. తూర్పున నేలని ఆనుకుని బూడిద కలిసిన నీలి పట్టీ, దాని మీద గులాబీ పట్టీ కనిపిస్తాయి. కింది పట్టీ భూమి నీడే, మన వాతావరణం మీద పడి కనిపిస్తుంది. పైదాన్ని వీనస్ బెల్ట్ అంటారు. నీడ పైకి లేచేకొద్దీ గులాబీ కరిగిపోతుంది, కాబట్టి దానికి నిమిషాలే సమయం. అంతా ముదురు నీలంగా మారే బ్లూ అవర్ ఆ తర్వాత వస్తుంది. సూర్యుడు దిగినప్పటి నుంచి 6 డిగ్రీల కిందికి చేరేదాకా ఉండే ఈ మొదటి సంధ్య భూమధ్యరేఖ దగ్గర ఇరవై నిమిషాలు దాటగానే అయిపోతుంది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర డిసెంబరులో 50 నిమిషాలకు పైగా సాగుతుంది. మంచు నేలలు ఎక్కువగా ఉండేది ఎత్తైన అక్షాంశాల్లోనే కాబట్టి, మనకి దొరికే సమయం అనుకున్నదానికన్నా ఎక్కువే.

అపోహ: మంచు పడితే ఏ ఫ్రేమ్ పెట్టినా అందంగానే ఉంటుంది

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. మంచు పడ్డాక నేల మీద వివరాలన్నీ కప్పుకుపోతాయి. మిగిలేవి రెండే, ఉపరితలం మీద గరుకుదనం, వస్తువుల ఆకారం. సూర్యుడు తక్కువ ఎత్తులో ఉన్నప్పుడు గాలి గీసిన ప్రతి అలకీ ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ ఉంటాయి. సూర్యుడు దిగగానే వెలుతురు ఒక దిక్కు నుంచి కాక ఆకాశం మొత్తం నుంచి వస్తుంది. నీడలు మాయం. అంతవరకూ కెరటాల్లా కనిపించిన ముందుభాగం ఖాళీ దుప్పటిలా అయిపోతుంది.

ఈ పాఠం నేను ఒక వాగు ఒడ్డున నేర్చుకున్నాను. ముందు మంచు అలలు, వెనక నల్లటి నీటి మలుపు, ఆపైన నాలుగు మోడు చెట్లు. ఎండ ఉండగానే ఫ్రేమ్ కుదిరిందని సంబరపడి, నీలం ముదిరేదాకా కదలకుండా కూర్చున్నాను. తీరా సమయం వచ్చేసరికి అలలు లేవు, సగం ఫ్రేమ్ ఏమీ లేని మంచు. వాగుకి దగ్గరగా జరిగితే నీటి మలుపే ముందుభాగం అయ్యేది. కానీ తొలుత చోటు వెతుక్కుంటూ ఆ ఒడ్డంతా నేనే తిరిగాను, నా అడుగుజాడలు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. ఆ సాయంత్రం అలా పోయింది.

అప్పటి నుంచి ఎండలో కనిపించే గరుకుదనాన్ని నమ్ముకోను, ఆకారాల్నే చూస్తాను. గడ్డకట్టని నీరు, కంచె గుంజలు, మోడు చెట్టు, దారి మలుపు లాంటివి చీకటి పడేకొద్దీ ఇంకా స్పష్టంగా తేలతాయి. కళ్లు సగం మూసి చూడండి, లేదా ఫోన్ కెమెరాని బ్లాక్ అండ్ వైట్‌లో పెట్టి చూడండి. అప్పుడు మిగిలే ఆకారాలే బ్లూ అవర్‌లోనూ మిగులుతాయి. ఒక చెట్టు ఇంకో చెట్టుని తాకకూడదు, పగలు విడివిడిగా కనిపించిన రెండు కొమ్మలు సందెవేళ ఒకే నల్లటి ముద్ద అవుతాయి. కెమెరాని ఒక అడుగు పక్కకి జరపడం, జానెడు ఎత్తు పెంచడం వంటి చిన్న కదలికలతోనే మధ్యలో సందు తెరుచుకుంటుంది. ఆ సందు కోసం నేను పది నిమిషాలైనా వెచ్చిస్తాను.

నడిచే ముందు ఎటు నడవాలో తేల్చుకోండి. ఫ్రేమ్‌లోకి వచ్చే మంచుని తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్లండి. దూరంగా ఒక కిటికీలో దీపం ఉంటే అది బంగారమే, ఎంత చిన్నదైనా కన్ను ముందు అక్కడికే వెళ్తుంది. కాబట్టి దాన్ని ఎక్కడ ఉంచుతారన్నదాని మీదే మిగతా ఫ్రేమ్ అంతా ఆధారపడుతుంది. దీపం, ఆకాశం సమానంగా వెలిగే సమయం కొద్ది నిమిషాలే. ముందుగా తీస్తే దీపం వెలవెలబోతుంది, ఆలస్యమైతే ఆకాశం నల్లబడి కిటికీ ఒక్కటే మండుతూ ఉంటుంది. ఫ్రేమ్‌ని మూడు భాగాలుగా చేసి ఆ గీతల దగ్గర ముఖ్యమైనవి పెట్టమనే రూల్ ఆఫ్ థర్డ్స్ గురించి అడుగుతారు కాబట్టి ఒక్క మాట: ఆకాశంలో ఏమీ లేకపోతే దానికి మూడింట రెండొంతులు కాదు, ఐదో వంతు కూడా ఇవ్వనక్కర్లేదు.

అపోహ: చలికి కెమెరాని కోటు లోపల దాచుకోవాలి

దాచాల్సింది బ్యాటరీని. చలిలో లిథియం అయాన్ బ్యాటరీ త్వరగా చేతులెత్తేస్తుంది, ఒంటి వెచ్చదనానికి కొంత తేరుకుంటుంది. కెమెరాని మాత్రం చల్లగానే ఉండనివ్వాలి. వెచ్చబడ్డ లెన్స్ మీద మంచు రేకు పడితే కరిగి, మళ్లీ గడ్డకడుతుంది. తిరిగొచ్చాక బ్యాగ్ జిప్ తీయకుండా గది వేడికి వచ్చేదాకా వదిలేయండి, లేకపోతే గదిలోని తేమ అంతా చల్లటి గాజు మీద నీరై కూర్చుంటుంది. ఫోటోలు చూడాలన్న ఆత్రం ఉంటే మెమరీ కార్డు బయటే తీసేసుకోండి. ట్రైపాడ్ కాళ్లని మంచులో గట్టి పొర తగిలేదాకా దించాలి. పైపైన నిలబెడితే పది సెకన్ల ఎక్స్‌పోజర్ మధ్యలో కుంగుతుంది.

అపోహ: ఎడిటింగ్ చేస్తే అది నిజమైన ఫోటో కాదు

అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941 నవంబరులో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ అనే ఊరి మీద చంద్రోదయాన్ని తీశాడు. దూరాన మంచు కొండలు, ముందు సమాధుల శిలువల మీద పడమటి ఎండ చివరి వెలుగు. లైట్ మీటర్ కనిపించలేదు. చంద్రుడి ప్రకాశం చదరపు అడుగుకి 250 క్యాండిల్స్ అని గుర్తుంది కాబట్టి దాని ఆధారంగా ఎక్స్‌పోజర్ లెక్కగట్టాడు. అంత జాగ్రత్తగా తీసిన నెగెటివ్‌ని కూడా ఆయన అలాగే వదిలేయలేదు. 1948లో దాని కింది భాగం పల్చగా ఉండటంతో రసాయనంతో దాన్ని చిక్కబరిచాడు. ఏళ్లు గడిచేకొద్దీ ప్రింట్లలో ఆకాశాన్ని ఇంకా ఇంకా చీకటిగా చేస్తూ పోయాడు. నెగెటివ్ ఒకటే అయినా తొలి ప్రింటుకీ చివరి ప్రింట్లకీ ఎంతో తేడా ఉంది.

మసక వెలుతురులో మన కన్ను కూడా మారుతుంది. ఎరుపులు నల్లబడతాయి, నీలాలు, పచ్చలు వాటికన్నా కాంతిగా కనిపిస్తాయి. దీన్ని పుర్కిన్యే ప్రభావం అంటారు. కెమెరా సెన్సర్‌కి ఆ మార్పు లేదు. కాబట్టి కెమెరా ఇచ్చిన ఫైలే మీరు చూసినదని అనుకోవడానికి లేదు.

నేను చేయని పని ఒకటుంది, వేరే రోజు ఆకాశం తెచ్చి అతికించడం. మంచు ఆకాశానికి అద్దం పడుతుంది. పైన మంటలు ఎగసినట్టు ఎర్రటి ఆకాశం పెట్టి కింద నీలి మంచు వదిలేస్తే, చూసేవాళ్లకి కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని తెలిసిపోతుంది.

అపోహ: షాడోస్ (చీకటి భాగాలు) పైకి, వైట్స్ (బాగా వెలిగే భాగాలు) కుడి అంచుకి లాగితేనే ఫోటో పూర్తయినట్టు

సందెవేళ ఫోటోలో స్వచ్ఛమైన తెలుపు అవసరమే లేదు. హిస్టోగ్రామ్ కుడివైపు ఖాళీగా ఉంటే ఉండనివ్వండి. బాగా కుదిరిన ఒక ఫైలులో మంచు మీద కర్సర్ పెట్టి చూస్తే ఎరుపు 38 శాతం, ఆకుపచ్చ 45, నీలం 58 ఉన్నాయి. అంకెల్లో అది మధ్యరకం వెలుతురే. అయినా చుట్టూ చెట్లు నల్లగా ఉండటంతో మంచు వెలుగుతున్నట్టే కనిపిస్తుంది. చెట్లలో షాడోస్ ఎత్తిన మరుక్షణం ఆ వెలుగు ఆరిపోతుంది.

నా వరస ఇది. ముందు ఎక్స్‌పోజర్ తగ్గిస్తాను, అర స్టాప్ నుంచి ఒక స్టాప్ దాకా. తర్వాత మార్పు మంచు ఒక్కదానికే తగిలేలా మాస్క్ వేసి, అది ఉన్న చిన్న పరిధిలోనే వెలుగునీడల్ని సర్దే కర్వ్‌తో కొద్దిగా కాంట్రాస్ట్ ఇస్తాను. ఫోటోని చురుగ్గా, మసక లేకుండా చూపించే క్లారిటీ, డీహేజ్ స్లైడర్ల జోలికి దాదాపు వెళ్లను. అవి మంచుని మురికిగా చేస్తాయి, కొమ్మల చుట్టూ తెల్లటి అంచు తెస్తాయి. నీలం ఊదా వైపు జారుతుంటే హ్యూ (రంగు ఛాయ) కొంచెం వెనక్కి తెచ్చి, నీలం శాచురేషన్ (రంగు గాఢత) పెంచడానికి బదులు తగ్గిస్తాను. ఆకాశం మెట్లుమెట్లుగా విడిపోతే దానికి కారణం ఎక్కువగా 8 బిట్ జేపెగ్. ఒక్కో చానెల్‌కి 256 మెట్లే ఉంటాయి, చీకటి ఆకాశం వాటిలో కొన్నిటినే వాడుకుంటుంది. 16 బిట్‌లో పనిచేసి చివర్లో సన్నటి గ్రెయిన్ కలిపితే చాలావరకు కుదురుతుంది.

చీకటి గదిలో స్క్రీన్ బాగా వెలుగుతుంటే మీరు చేసే ఫోటో చీకటైపోతుంది, మీకు అది తెలియదు కూడా. అందుకే ఎడిట్ చేసిన రాత్రే బయటపెట్టను. మర్నాడు పొద్దున ఫోన్ బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి, వెలుతురున్న గదిలో చూస్తాను. మంచు మీద గుంటలు, గుట్టలు లీలగానైనా కనిపించాలి. కనిపించకపోతే ఎక్స్‌పోజర్ 0.2 పెంచుతాను, ఒక్కోసారి 0.3, అంతకు మించి పెంచను.