రాసిచ్చిన ఆస్తి వెనక్కి వస్తుందా? వృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ వెనక కథ

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల దగ్గర డాక్యుమెంట్ రైటర్లు రాసే గిఫ్ట్ డీడ్లలో ఒక వాక్యం దాదాపు మారదు. సదరు ఆస్తిని నేటి నుంచి నీవు పుత్ర పౌత్ర పారంపర్యంగా సర్వహక్కులతో అనుభవించుకోవలసినది, ఇకపై దానిపై నాకు ఎలాంటి హక్కూ లేదు. ఎందుకిస్తున్నారంటే, ‘ప్రేమాభిమానాల కొద్దీ’. నన్ను చివరిదాకా చూసుకోవాలన్న మాట మాత్రం చాలా పత్రాల్లో కనిపించదు. కన్న కొడుకుని కాగితం మీద అడగడం నామోషీ కదా! తర్వాత గొడవలొస్తే కేసు మొత్తం ఆ రాయని మాట చుట్టూనే తిరుగుతుంది.

1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం, ఇచ్చినవాళ్ల మనసు మారినంత మాత్రాన దానం రద్దు కాదు. ముందే ఇద్దరూ ఒప్పుకున్న షరతు ఉంటే తప్ప, కొడుకు అన్నం పెట్టకపోవడం ఆ చట్టానికి పట్టదు. పోషించుకోలేని ముసలి తల్లిదండ్రుల భారం కొడుకులదే కాదు, కూతుళ్లది కూడా అని 1956లో హిందూ దత్తత, మనోవర్తి చట్టం చెప్పింది. అయితే దానికోసం సివిల్ కోర్టుకెక్కి ఏళ్లు తిరగాలి. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో మనోవర్తి భార్యాపిల్లలకే ఉండేది. 1973 కోడ్‌లోని 125వ సెక్షన్‌తో తల్లిదండ్రులూ అందులో చేరారు. కానీ నెలకు 500 రూపాయలు మించకూడదన్న పరిమితి 2001 దాకా కొనసాగింది. ఆ డబ్బుతో బీపీ మాత్రలైనా వచ్చేవో లేదో.

2007లో కేంద్రం తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం తెచ్చింది. మన దగ్గర ఈ ఫిర్యాదులు విచారించే ట్రిబ్యునల్ ఆర్డీవోయే. లాయర్లతో పని లేదు, 90 రోజుల్లో తేల్చాలి. మనోవర్తి నెలకు గరిష్ఠంగా 10,000. పిల్లలు లేనివాళ్లు తమ ఆస్తి దక్కే వారసుల మీద కూడా ఫిర్యాదు చేయొచ్చు. వీటన్నిటికంటే పదునైనది 23వ సెక్షన్. చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి తీసుకుని చూసుకోకపోతే, మోసంతోనో ఒత్తిడితోనో రాయించుకున్నట్టే లెక్కగట్టి ఆ దస్తావేజును రద్దు చేయొచ్చు. చట్టం అమల్లోకి రాకముందు రాసిచ్చినవాళ్లకు మాత్రం ఈ దారి లేదు.

అసలు ముందే ఎందుకు రాసిచ్చేస్తారు? తాము పోయాక అన్నదమ్ములు కొట్టుకోకూడదని కొందరు, కొడుక్కి బ్యాంకు లోను కావాలని కొందరు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబీమా (రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలిచ్చే పథకం) 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారులకే వర్తించింది. అరవై దాటిన తండ్రి పేరున పట్టా ఉంటే ఆ 5 లక్షల బీమా లేదు, కొడుకు పేరుకు మారిస్తే ఉంది. ఇలాంటప్పుడు పట్టా మార్చడం తప్పని ఎలా అంటాం?

23వ సెక్షన్‌లో చిక్కంతా ‘షరతు మీద’ అన్నచోటే. హర్యానాలో ఒక తల్లి కూతుళ్లకు భూమి వదిలేస్తూ పత్రం రాసిచ్చింది. చూసుకోవాలన్న షరతు ఉన్నట్టు రుజువు లేదని, దాన్ని మనం ఊహించుకోలేమని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆమెకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. మధ్యప్రదేశ్‌లో ఇంకో తల్లి 2019లో కొడుక్కి గిఫ్ట్ డీడ్ చేసింది. తల్లిదండ్రుల్ని చూసుకుంటానని కొడుకు రాసినట్టు చెప్పిన హామీపత్రం ఒకటి ఆమె దగ్గరుంది. ఈ చట్టాన్ని పెద్దల మేలు కోరి ఉదారంగా చదవాలంటూ 2025 జనవరి 2న అదే కోర్టు డీడ్‌ను రద్దు చేసి ఆస్తి తిరిగి ఇప్పించింది. రెండోది మంచి తీర్పే. కానీ ఆ కాగితం లేకపోతే ఏమయ్యేదో మొదటి కేసే చెబుతోంది.

10,000 పరిమితి ఎత్తేయాలని 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు, ఆ సభ 2024లో రద్దవడంతో మురిగిపోయింది. కాబట్టి ఇప్పటికి పెద్దల చేతిలో ఉన్నది దస్తావేజే. పోషణ షరతు అందులోనే స్పష్టంగా రాయించుకోవచ్చు. ఇల్లయితే బతికున్నంతకాలం అనుభవించే హక్కు తమకే అట్టిపెట్టుకోవచ్చు. అంత తొందర లేదనుకుంటే వీలునామా రాయొచ్చు, బుద్ధి స్థిమితంగా ఉన్నంతకాలం దాన్ని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.