కుండీలో చౌడు

మా డాబా మీది పుదీన ఆకు అంచుల నుంచి చావడం మొదలుపెట్టింది. ముందు అంచులు మాత్రమే మాడాయి, ఎవరో అగ్గిపుల్లతో కాల్చినట్టు. నీళ్లు చాలడం లేదేమోనని ఇంకో చెంబు ఎక్కువ పోశాను. వారం తిరిగేసరికి సగం ఆకు పోయింది. పక్కింటి పెద్దమ్మ బట్టలు ఆరేయడానికి పైకి వచ్చినప్పుడు చెట్టును చూడలేదు, కుండీని చూసింది. మట్టి కుండీ బయటి గోడ మీద తెల్లటి పొర ఉంది. గోటితో గీకి, "ఏం నీళ్లు పోస్తున్నవు బిడ్డా? చౌడు తేలింది గద" అంది.

చౌడంటే నాకు తెలిసింది చేనుకు పట్టేదే. మట్టి మీద తెల్లగా ఉప్పు తేలి, పంట మొలవక, తుమ్మలు తప్ప ఏమీ నిలవని నేల. జానెడు కుండీలో చౌడేమిటని లోపల నవ్వుకున్నాను. నల్గొండలో పుట్టి పెరిగి ఆ మాట నవ్వులాటగా తీసుకోవడం నా బుద్ధి తక్కువ.

నేను పోస్తున్నవి వంటింట్లో ఫిల్టర్ పక్క పైపు నుంచి వచ్చే వేస్టు నీళ్లు. ఈ ఊళ్లో నీళ్లు పారబోయాలంటే ఎవరికైనా ప్రాణం ఒప్పదు. చెట్లకు పోస్తే పుణ్యం, పొదుపు రెండూ అనుకున్నాను. ఇప్పుడు లెక్క చూడండి. బోరు నీళ్లలో లీటరుకు ఒక గ్రాము లవణాలు ఉన్నాయనుకుందాం. టీడీఎస్ మీటరు పెడితే 1000 చూపే నీళ్లన్నమాట. ఆర్వో ఫిల్టర్ నాలుగు లీటర్లు తీసుకుని ఒక లీటరు మంచినీళ్లిచ్చి మూడు లీటర్లు బయటికి పంపితే, నాలుగు లీటర్లలోని లవణాలు దాదాపు అన్నీ ఆ మూడు లీటర్లలోనే ఉంటాయి. అంటే లీటరుకు 1.3 గ్రాములు. రోజుకు అర లీటరు చొప్పున 60 రోజులు పోస్తే 30 లీటర్లు, అందులో సుమారు 40 గ్రాముల లవణాలు. నాలుగు కిలోల మట్టి పట్టే కుండీకి అది నూటికి ఒక వంతు. అదంతా తినే ఉప్పు కాదు, అందులో కొంత సున్నంగా గడ్డకడుతుంది. అయినా పుదీనకు అది చాలా ఎక్కువ.

చేనులో అయితే పెద్ద వాన పడినప్పుడు ఈ లవణాలు వేళ్లకు అందనంత కిందికి దిగిపోతాయి. కుండీకి ఆ 'కింద' లేదు. పోసిన నీళ్లలో కొన్ని చెట్టు తాగి ఆకుల్లోంచి వదిలేస్తుంది, కొన్ని మట్టి మీంచి ఆవిరైపోతాయి. రెండు దారుల్లోనూ వెళ్లేది నీరే, లవణం కుండీలోనే ఉండిపోతుంది. అది బయటికి పోవడానికి ఉన్న అసలు దారి అడుగున ఉన్న రంధ్రం. స్లాబు మీద మరకలు పడతాయని ఇంటి ఓనరు రెండుసార్లు అనేసరికి, నేను ఆ రంధ్రంలోంచి చుక్క కారకుండా కొలిచి మరీ పోసేవాణ్ణి!

ఉప్పు ఎక్కువైతే చెట్టు ఎందుకు ఎండుతుందో తొక్కు పెట్టే ఇంట్లో వేరే చెప్పనక్కర్లేదు. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెడితే మర్నాటికి ఊట ఊరుతుంది. మనం చుక్క నీరు పోయలేదు, ఆ నీరంతా ముక్కలోదే. ఉప్పు ఎక్కువున్న వైపుకు కణంలోని నీరు పొరను దాటి పోతుంది. దీన్నే ద్రవాభిసరణ అంటారు. మామూలుగా వేరులో లవణాలు ఎక్కువ, మట్టి నీటిలో తక్కువ, కాబట్టి నీరు వేరులోకి వస్తుంది. కుండీలో ఉప్పు పెరిగేకొద్దీ ఆ లాగుడు తగ్గిపోతుంది. మట్టి ముట్టుకుంటే తడిగానే ఉంటుంది, చెట్టు మాత్రం దాహంతో వాడిపోతుంది. వేరు దాటి లోపలికి వచ్చిన కొద్దిపాటి ఉప్పు నీటి వెంట ఆకుదాకా వెళ్లి, నీరు ఆవిరయ్యే చివరి చోట, అంటే అంచుల్లో పేరుకుంటుంది. అంచులు ముందు మాడింది అందుకే.

కుండీ మీద తెల్లపొర ఏమిటో తేల్చుకోవడానికి నిమ్మకాయ ముక్క చాలు. పొడిగా ఉన్న పొర మీద రెండు చుక్కలు పిండి, చెవి దగ్గర పెట్టి వినండి. సన్నగా బుసబుసమంటుంది, చిన్న నురగ లేస్తుంది. సున్నపు కార్బొనేట్ మీద పులుపు పడి కార్బన్ డయాక్సైడ్ వస్తోందన్నమాట. రంజన్ మీద కట్టే తెల్లపొర కూడా ఇలాంటిదే. రంజన్‌లో నీళ్లు చల్లబడేదీ, మట్టి కుండీలో వేళ్లు చల్లగా ఉండేదీ ఒకే లెక్క మీద. లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. ఆ వేడితో ఎనిమిది లీటర్ల మామూలు నీళ్లను మరిగేదాకా తేవచ్చు. మట్టి గోడలోంచి చెమర్చే నీరు ఆ వేడిలో చాలా భాగాన్ని కుండీ నుంచే లాక్కుంటుంది, దారిలో కొంత లవణాన్ని కూడా గోడ బయట వదులుతుంది. పొర కట్టడం చూడ్డానికి అసహ్యంగా ఉన్నా, అంత మేరకు మట్టికి మేలే. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. 44, 45 డిగ్రీల మే నెలలో సిమెంటు స్లాబు మీద నల్ల ప్లాస్టిక్ కుండీని పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. వేళ్లన్నీ ఆ గోడకే అంటుకుని తిరుగుతుంటాయి. ప్లాస్టిక్ తేలిక, చవక, నిజమే. ఎండాకాలానికి మాత్రం నా ఓటు మట్టికే.

ఇంకో పేచీ కరివేపాకుతో వచ్చింది. కొత్త ఆకులు పసుపు పచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా వచ్చాయి. ఇది ఇనుము అందని గుర్తు. మన ఎర్ర చల్క మట్టి ఎర్రగా ఉండడానికి కారణమే ఇనుపు ఆక్సైడ్. కుండీ నిండా ఇనుమే, అయినా చెట్టుకు ఇనుము కరువు. మన గ్రానైట్ రాళ్ల సందుల్లోంచి వచ్చే బోరు నీళ్లలో బైకార్బొనేట్లు, అంటే వంటసోడా జాతి లవణాలు, ఎక్కువ. రోజూ అవే పోస్తుంటే మట్టి క్షారంగా మారుతుంది, ఆ క్షారాన్ని కొలిచే పీహెచ్ అంకె ఏడున్నర దాటితే ఇనుము కరగడం దాదాపు మానేస్తుంది. తాళం వేసిన గాదె ముందు ఆకలితో కూర్చున్నట్టు ఉంటుంది చెట్టు పని. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కావడానికీ ఈ బైకార్బొనేట్ల చెయ్యి ఉంది. కాల్షియం తక్కువగా, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న నీళ్లు రాళ్లలోని ఫ్లోరైడ్‌ను తేలిగ్గా కరిగిస్తాయి. 1970లలో నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని తయారుచేసింది. ప్రపంచమంతా దాన్ని 'నల్గొండ టెక్నిక్' అనే పిలుస్తుంది. ఆ పేరు విని గర్వపడాలో బాధపడాలో నాకు ఇప్పటికీ తెలియదు. మరి ఆకుకూరలోంచి ఫ్లోరైడ్ ఒంట్లోకి రాదా అని అడుగుతారు. చిటికెడు కొత్తిమీర కన్నా తాగే నీళ్లు, అన్నం వండే నీళ్లు ముందు చూసుకోవాల్సినవి.

కరివేపాకు మొదట్లో పుల్ల మజ్జిగ పోయడం మనవాళ్లకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. దాన్ని కొట్టిపారేయలేం. మజ్జిగలోని లాక్టిక్ ఆమ్లం బైకార్బొనేట్‌ను కొంత విరగ్గొడుతుంది, వేళ్ల దగ్గర కాసేపు పులుపు పెంచుతుంది. గ్లాసు మజ్జిగ పోసి, మర్నాటి నుంచి మళ్లీ బకెట్ బోరు నీళ్లు పోస్తే మాత్రం లెక్క మొదటికే వస్తుంది.

కుండీ కడగడం ఇలా. నెలకోసారి, కుండీలో పట్టే మట్టికి రెండింతల నీళ్లు మెల్లగా, ఆగి ఆగి పోయాలి. అడుగు నుంచి ధారగా పోవాలి, కింద పళ్లెం ఉండకూడదు. వాన నీళ్లు అన్నిటికన్నా మేలు. నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు బోరు కన్నా తేలిక. ఏసీ పైపు నుంచి కారే నీళ్లు గాలిలోని తేమ చల్లబడి వచ్చినవి, లవణాలు దాదాపు ఉండవు, చెట్లకు బాగుంటాయి. వాన సంగతికి వస్తే, పది చదరపు మీటర్ల కప్పు మీద పది మిల్లీమీటర్ల వాన పడితే వంద లీటర్లు. మృగశిర తర్వాత ఒక్క మంచి వానకు డ్రమ్ము నిండుతుంది. మూతకు బదులు పలుచటి బట్ట కట్టాలి, లేకపోతే దోమలు పెంచినట్టే.

నీరు బాగా దిగాలని అడుగున కంకర వేయమంటారు చాలామంది. నేనూ వేశాను. ఇది తప్పని ఒప్పుకోవడానికి నాకు గిన్నెలు తోమే స్పాంజి కావలసి వచ్చింది. దాన్ని నీళ్లలో ముంచి, పిండకుండా, అడ్డంగా పడుకోబెట్టి పట్టుకోండి. కాసేపు కారి ఆగిపోతుంది. ఇప్పుడు అదే స్పాంజిని నిలువుగా తిప్పండి. మళ్లీ కారుతుంది. మట్టిలోని సన్న సందులు నీటిని పట్టి ఉంచుతాయి, కాబట్టి ప్రతి కుండీ అడుగున కొంత ఎత్తు వరకు నీరు నిలిచే ఉంటుంది. ఆ ఎత్తు మట్టిని బట్టి ఉంటుంది, కుండీని బట్టి కాదు. లోతైన కుండీలో అది అడుగుకే పరిమితం, లోతు లేని కుండీలో సగానికి వస్తుంది. కంకర వేస్తే, సన్న మట్టిలోంచి పెద్ద సందుల్లోకి నీరు ఊరికే దిగదు. పైన మట్టి పూర్తిగా నానాకే దిగుతుంది. అంటే బురద పొర కంకర మీదికెక్కి వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. కంకర మానేసి మట్టినే గుల్లగా చేయాలి. చల్క మట్టి ఒక్కటే కుండీలో ఇటుకలా గట్టిపడుతుంది. దానికి సగం కొలతలో బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు వడ్ల ఊక కలుపుతున్నాను. మిర్యాలగూడ మిల్లులున్న జిల్లాలో ఊకకు కొదవ లేదు. ఊకలో సిలికా ఎక్కువ కాబట్టి తొందరగా కుళ్లదు, గాలి ఆడే సందులు నిలుస్తాయి. ఊక బూడిద మాత్రం వద్దు. అసలే క్షారం, పైన ఇంకా క్షారం. కొబ్బరి పొట్టు వాడేవాళ్లు ముందు రెండుసార్లు కడిగి పిండాలి, దానిలోనూ ఉప్పుంటుంది.

ఇక కొత్తిమీర. ధనియం అనేది ఒక గింజ కాదు, రెండు గింజలు కౌగిలించుకున్న కాయ. లోటా అడుగుతో మెల్లగా నలిపితే రెండు బద్దలవుతుంది, ఒక్కో బద్దకు ఒక్కో మొక్క. నేల 20 డిగ్రీల అటూ ఇటూ ఉంటే బాగా మొలుస్తాయి, 30 దాటితే మొరాయిస్తాయి. అందుకే దీపావళి తర్వాత చల్లినవి వారం పది రోజుల్లో తలెత్తుతాయి, ఏప్రిల్‌లో చల్లినవి మనల్ని ఏడిపిస్తాయి. తల్లివేరు నిలువుగా దిగుతుంది కనుక నారు పీకి నాటితే ఒప్పుకోదు, ఎక్కడ పెరగాలో అక్కడే చల్లాలి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయాక మొక్కను దగ్గరగా చూడండి. కింద ఆకులు వెడల్పుగా ఉంటే, పైన వచ్చేవి సోయికూరలా (డిల్ ఆకులా) దారాలుగా చీలిపోతుంటాయి. వేడికీ పెరిగే పగటికీ మొక్క పూతకు సిద్ధమైందని దాని అర్థం. తుంచినా ఎరువు వేసినా వెనక్కి తిరగదు. పూయనివ్వండి. ఆ తర్వాత వచ్చే పచ్చి ధనియాలను పచ్చిమిర్చి, ఎల్లిగడ్డతో నూరి జొన్నరొట్టెలో పెట్టుకుంటే, ఆకు పోయిందన్న బాధ ఉండదు.

మెంతికూర గురించి పెద్దగా చెప్పేదేం లేదు, మూడు నాలుగు రోజుల్లో మొలుస్తుంది, మూడు నాలుగు వారాల్లో తినొచ్చు. పీకినప్పుడు వేరు మీద చిన్న బుడిపెలుంటే ఒకటి చీల్చి చూడండి. లోపల లేత గులాబీ రంగు. గాలిలోని నత్రజనిని పట్టే బ్యాక్టీరియా అక్కడ కాపురముంటుంది. ఆ రంగు మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమైన ప్రోటీన్‌ది.

పుదీన నారు కొనక్కర్లేదు. మార్కెట్ కట్టలో గట్టి కాడలు ఏరి, కింది ఆకులు తీసి గ్లాసు నీళ్లలో పెడితే వారం పది రోజుల్లో కణుపుల దగ్గర తెల్లటి వేళ్లొస్తాయి. మన వంటింటి పుదీన వాసనకు మూలం ఎక్కువగా కార్వోన్ అనే పదార్థం. చూయింగ్ గమ్‌లో చల్లగా తగిలే మెంథాల్ వేరే పుదీనది. సోయికూర గింజల్లో ఉండేదీ కార్వోనే. అవే పరమాణువులు, అదే అమరిక, కాకపోతే అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది, కుడికాలి చెప్పు, ఎడమకాలి చెప్పు లాగా. ముక్కు ఈ తేడాను పసిగడుతుంది. పుదీన నూనె ఆకు పైనే చిన్న చిన్న తిత్తుల్లో ఉంటుంది, అందుకే చెయ్యి తగిలితే చాలు గుప్పుమంటుంది. కరివేపాకుకు నలపాలి, ఆకును వెలుతురుకు పట్టి చూస్తే మెరిసే చుక్కలు కనిపిస్తాయే, నూనె ఆ లోపలి గదుల్లో ఉంటుంది.

బత్తాయి, నిమ్మ ఆకుల్లోనూ ఇవే చుక్కలు. కరివేపాకు వాటి కుటుంబందే. అందుకే ఇక్కడి తోటల రైతులకు పాత శత్రువైన గొంగళి పురుగు మూడో అంతస్తు డాబా మీదికి కూడా దారి వెతుక్కుంటూ వచ్చింది. మొదట ఆకు మీద పిట్ట రెట్ట పడిందనుకున్నాను. ముదురు గోధుమ రంగు, మధ్యలో తెల్లటి పట్టీ. తుడవబోతే కదిలింది. రెట్టను తినాలని ఏ పిట్టకూ అనిపించదు కదా! పెరిగాక ఆ వేషం విప్పి ఆకుపచ్చ రంగుకు మారింది. పుల్లతో తాకితే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ముల జంట బయటికి పొడుచుకొచ్చింది, వెంట ముక్కిన వాసన. దానికి మందు కొట్టలేదు, మనం తినే ఆకు. ఒక కొమ్మ వదిలేసి, మిగతా పురుగులను చేత్తో ఏరాను. వదిలిన కొమ్మ మీది పురుగు ఎప్పుడో గూడు కట్టుకుని, ఒక పొద్దున నలుపు పసుపు రెక్కలతో ఎగిరిపోయింది.

ఇప్పుడు పుదీనకు డ్రమ్ములోని వాన నీళ్లే. కొత్త కాడలు కుండీ అంచు దాటి కిందికి వేలాడుతున్నాయి. కరివేపాకుకు నల్లా నీళ్లు, వారానికోసారి పెద్దమ్మ తెచ్చే పుల్ల మజ్జిగ. అందులో ఉప్పు వేయలేదు కదా అని ప్రతిసారీ అడుగుతాను. "చౌడు సంగతి నీకు జెప్పిందే నేను" అంటూ గిన్నె వంచేస్తుంది.