మందిరం ఎవరి పేరు మీద?

కాజీపేట వైపు ఒక చిన్న క్రైస్తవ సంఘం ఉంది. పేరు చెప్పను. సొంత మందిరం లేక ఎనిమిదేళ్లలో నాలుగు చోట్లు మారింది. మొదట ఒక రైల్వే ఉద్యోగి ఇంటి ముందు గది, తర్వాత మేడ మీద రేకుల షెడ్డు, ఆ తర్వాత ఫంక్షన్ హాలు, ఇప్పుడు రోడ్డు పక్కన షట్టరు. హాలు రోజులు తమాషాగా ఉండేవి. మూఢం నెలల్లో హాలు ఖాళీ, ఆరాధన నిశ్చింతగా సాగేది. మాఘమాసంలో ముహూర్తాలు మొదలయ్యాయంటే కూడిక మళ్లీ ఎవరింట్లోనో. ఓనర్లు చెడ్డవాళ్లేం కాదు. ముందు మైకు తగ్గించమంటారు, తర్వాత బండ్లు గేటుకు అడ్డం పెట్టొద్దంటారు, చివరికి “ఇల్లు అమ్ముతున్నం అయ్యగారూ” అంటారు.

క్రైస్తవానికి ఈ ప్రాంతం కొత్త కాదు. అమెరికన్ బాప్టిస్టులు 1879లోనే హనుమకొండలో మిషన్ పెట్టారు. కేథలిక్కుల వరంగల్ మేత్రాసనం, అంటే ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం, 1952లో ఏర్పడింది, దాని కేంద్రం ఫాతిమానగర్. కానీ వాళ్ల చర్చిలు, స్థలాలన్నీ ఆయా మిషన్ల వారసులవి. ఇళ్లలో ప్రార్థనలతో పుట్టిన స్వతంత్ర సంఘాలకు వాటిలో వాటా లేదు. అందరూ చదివేది ఒకే బైబిలు. గేటు దగ్గర మాత్రం ఎవరి తాళం వాళ్లదే.

అయితే పాతవాళ్లకు కూడా మందిరం ఊరికే రాలేదు. దోర్నకల్ సంగతే చూడండి. వి.ఎస్. అజరయ్య 1912 డిసెంబర్ 29న బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. ఆయన కట్టించిన కెథడ్రల్ (బిషప్ పీఠం ఉండే పెద్ద చర్చి) ప్రతిష్ఠ 1939 జనవరి 6న జరిగింది. అంటే బిషప్ అయ్యాక 26 ఏళ్లు. గుమ్మటాలు, మినార్లు, గుడి స్తంభాల పోలికలు అన్నీ కలిసిన ఆ కట్టడం దూరం నుంచి చూస్తే ఏ మతానిదో వెంటనే చెప్పలేం. అదే దాని అందం అనుకుంటాను. ఈ సంఘాల్లో ఆడవాళ్లు వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు దేవునికని పక్కన పెట్టే అలవాటు ఇప్పటికీ ఉంది. కాజీపేట సంఘం స్థలం కోసం కూడబెట్టిన డబ్బుల్లో కొంత ఆ బియ్యం అమ్మగా వచ్చిందే.

డబ్బు కంటే కాగితం పెద్ద తలనొప్పి. సభ్యుల్లో ఒకరు ఊళ్లో రెండు గుంటలు, అంటే 242 గజాలు, ఇస్తామన్నారు. తీరా చూస్తే అది అసైన్డ్ భూమి. ప్రభుత్వం పేదలకిచ్చిన భూమిని అమ్మడానికి గానీ దానమివ్వడానికి గానీ 1977 చట్టం ఒప్పుకోదు. రోడ్డు పక్కన ఖాళీ జాగాలో షెడ్డు వేద్దామన్న మాట కూడా వచ్చింది. ప్రభుత్వ స్థలాల్లో ఏ మతం పేరుతోనూ కొత్తగా అక్రమ కట్టడాలు రావొద్దని సుప్రీంకోర్టు 2009లోనే ఆదేశించింది. ఆ మాట అక్కడే ఆగింది.

పాస్టరు పేరు మీద కొంటే? చాలాచోట్ల జరిగేది అదే. ఆయన పోయాక మందిరం కొడుకుల పంపకాల్లోకి వస్తుంది. అందుకే సొసైటీగా రిజిస్టరు చేసుకోవాలి, దానికి కనీసం ఏడుగురు సంతకం పెట్టాలి. అసలు ముడి ఇక్కడుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితులకు ఎస్సీ హోదా ఉండదు, మన దగ్గర వాళ్లు బీసీ-సీ కింద లెక్క. పిల్లల చదువులు, ఉద్యోగాలు ఎస్సీ సర్టిఫికెట్ మీద నడుస్తున్న ఇంట్లో తండ్రి చర్చి కాగితం మీద సంతకం పెట్టడానికి జంకుతాడు. దీన్ని విశ్వాసం తక్కువ కిందో మోసం కిందో కొట్టేయడం తేలిక. ఆ టెన్షన్ పడేవాళ్లతో కూర్చుని మాట్లాడితే అంత తేలిగ్గా అనలేం.

ఇప్పుడు మడికొండ దగ్గర ఒక ప్లాటు బేరం నడుస్తోంది. సొసైటీకి అయిదు సంతకాలు వచ్చాయి, ఇంకా ఇద్దరు కావాలి. షట్టరు ఓనరు సంక్రాంతి దాకా గడువిచ్చాడు.