రికార్డుకెక్కని దిబ్బ

కందుకూరు దగ్గర మా పల్లెలో ఎవరైనా పోతే ఇరుగుపొరుగు మొదట అడిగే మాట "ఎన్నింటికి ఎత్తుతారు?" అని. ఆ తర్వాత "దిబ్బ కాడికి గుంత తవ్వేదానికి ఎవరు పోయారు?" అని. దిబ్బ అంటే తాళ్లదిబ్బ. వాగు గట్టున నాలుగు తాటిచెట్లు, వాటి చుట్టూ మట్టికుప్పలు, కొన్నిటి మీద సిమెంటు సిలువలు. మా తాతల ముందు నుంచీ అక్కడే పూడుస్తున్నారు.

రెండేళ్ల కిందట మా పెద్దమ్మ పోయింది. గుంత సగం తవ్వాక పక్క చేను ఆసామి వచ్చి గడ్డపార పట్టుకున్నాడు. "ఇది శ్మశానమని ఎక్కడుంది? కాగితం చూపించండి" అన్నాడు. పెట్టె ఇంటి ముందు షామియానా కింద ఉంది. మా మేనమామ కొడుకు అక్కడే నిలబడి ఫోన్లో అడంగల్, అంటే ఏ సర్వే నంబరు నేల ఎలాంటిదో రాసి ఉండే రెవెన్యూ రికార్డు, తీశాడు. ఎండకు తెర కనపడక తువ్వాలు అడ్డం పెట్టుకుని చదివాడు. ఆ సర్వే నంబరు ఎదురుగా "వాగు పోరంబోకు" అని ఉంది. శ్మశానం అన్న మాట ఎక్కడా లేదు.

పెద్దమనుషులు సర్దిచెప్పబట్టి చీకటి పడేలోపు పూడ్చగలిగాం. కానీ ఈ తగాదా మా ఒక్క ఊరిది కాదు. పల్లె జనం నోట్లో ఒక పేరు, రెవెన్యూ పుస్తకంలో ఇంకో పేరు. రెండూ కలవనప్పుడు ఓడిపోయేది నోటిమాటే. ఎందుకిలా అయిందో తెలియాలంటే ఆ పేర్లెక్కడివో చూడాలి.

వల్లకాడులో ఉన్న కాడు అడవి. తమిళంలో ఇప్పటికీ కాడంటే అడవే. అక్కడ కాల్చే చోటు సుడుకాడు, పూడ్చే చోటు ఇడుకాడు. మన కార్చిచ్చులో, కారడవిలో ఉన్న కారుదీ అదే కుదురు. కాటికాపరి, కాటికి కాళ్లు చాపుకోవడం అంటాం కదా, ఆ కాటి అన్నది కాడుకు వచ్చిన రూపమే. సంస్కృతం నుంచి తెచ్చుకున్న పితృవనంలో వనం ఉంది. శ్మశానవాటికలో వాటిక అంటే తోట. నెల్లూరులో పెన్న ఒడ్డున కాల్చే చోటు పేరు బోడిగాడితోట. మా క్రైస్తవులం సమాధుల తోట అంటాం. యోహాను సువార్తలో యేసును ఉంచిన కొత్త సమాధి కూడా తోటలోదే. ఏ మతం వాళ్లు, ఏ భాష నుంచి మాట తెచ్చుకున్నా చివరికి చెట్ల కిందికే చేరారు. ఊరికి బయట, నాగలి పడని నేల. మనవాళ్లు పోయినవాళ్ల కోసం వదిలిన చోటు అలాంటిది. పన్ను లెక్కలు వచ్చేదాకా దానికి కాగితం అవసరం పడలేదు.

సమాధి మొదట యోగి మనసు నిలిపే స్థితి. తర్వాత ఆ యోగిని కూర్చోబెట్టి పూడ్చిన చోటు అయింది. శివభక్తులైన జంగాలు ఇప్పటికీ కూర్చున్న భంగిమలోనే పూడుస్తారు, పోయారనకుండా లింగైక్యం అంటారు. ఇప్పుడు సమాధి అంటే ఎవరికైనా సిమెంటు పలక గుర్తొస్తుంది. మా పక్క బజారు హిందువులు పాడె మోసుకెళ్తూ మధ్యదారిలో దించుతారు. ఆ చోటు దింపుడు కళ్లం. కొడుకు చెవి దగ్గర మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తాడు. కళ్లం అంటే ధాన్యం నూర్చే చోటు. బతుకును పోషించిన మాటనే అక్కడా వాడుకున్నారు. ఆ పిలుపు విన్న ప్రతిసారీ నాకు గొంతు పట్టుకుంటుంది.

గోరీ ఫారసీ మాట, ఉర్దూ మీదుగా వచ్చింది. కబరస్తాన్‌లో కబర్ అరబ్బీది, స్తాన్ ఫారసీది. ముస్లింలు జనాజాకు వెళ్లి మట్టి ఇచ్చి వస్తారు, మనిషికి మూడు పిడికిళ్లు. నెల్లూరు స్వర్ణాల చెరువు పక్కన బారా షహీద్ దర్గా ఉంది. బారా అంటే పన్నెండు, షహీద్ అంటే అమరుడు. పన్నెండు సమాధులు. మొహర్రం నెలలో అక్కడ జరిగే రొట్టెల పండగకు అన్ని మతాల వాళ్లూ వచ్చి చెరువులో నిలబడి కోరిక చెప్పుకుని రొట్టెలు మార్చుకుంటారు. కసుమూరు, ఏఎస్ పేట దర్గాలకూ అంతే జనం. పేరూ పండగా ఉన్న సమాధి జోలికి ఎవరూ రారు. చిక్కంతా పేరు లేని మట్టికుప్పలదే.

ఇక పన్ను లెక్కల సంగతి. 1801లో ఆర్కాటు నవాబు చేతిలో నుంచి నెల్లూరు సీమ ఈస్టిండియా కంపెనీకి పోయింది. ఆ తర్వాత మద్రాసు పద్ధతిలో రైత్వారీ (రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టడం), సర్వే, శిస్తు తేల్చి రాసే సెటిల్‌మెంటు రిజిస్టర్లు వచ్చాయి. ఏ నేల శిస్తు కడుతుంది, ఏది కట్టదు అన్నదే ఆ రిజిస్టర్ల చూపు. శిస్తుకు బయట ఉంచినది పోరంబోకు. ఇదీ తమిళం నుంచి వచ్చిన మాటే, అందులో పురం అంటే బయట. ఈ రోజు తిట్టుగా వాడుతున్నాం కానీ అప్పట్లో అది ఉత్త లెక్కల మాట. చెరువు పోరంబోకు, దోవ పోరంబోకు, మేత పోరంబోకు, వాగు పోరంబోకు, శ్మశానం పోరంబోకు అని రాసుకుంటూ పోయారు. ఎవరికీ చెందనివి గయాళు, అనాధీనం అయ్యాయి. రాసింది ఊరి భూముల లెక్కలు చూసే కరణాలు. ఊరి వాళ్ల శ్మశానం కరణం ఎరిగినదే, వాళ్లింట్లో వాళ్లనూ అక్కడికే మోశారు. అంటరానితనం ఉన్న ఆ రోజుల్లో వాగు అవతల మాలమాదిగలు పూడ్చే దిబ్బ దాకా నడిచి, దీన్నేమంటారని అడిగిన కరణం ఎక్కడో గానీ ఉండడని నా నమ్మకం. ఆయనకు కనిపించింది వాగు, వాగని రాశాడు. కొన్ని చోట్ల అదీ రాయలేదు. పేరు ఉండాల్సిన గడిలో చుక్కలు పెట్టారు. ఆ చుక్కల భూముల చిక్కు విప్పడానికి 2017లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది.

పల్లెల్లో, అంటే ఊరికి బయట ఉండే మాలమాదిగ వాడల్లో, మాటలు మారిన కాలం కూడా ఆ రిజిస్టర్లు వచ్చిన పందొమ్మిదో శతాబ్దమే. అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరాడు. అదే మిషన్ నుంచి జాన్ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చాడు. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఎక్కువమంది మాదిగలు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు అని ఆయన షరతులు. దాంతో ఊరి జాతరకు డప్పు కొట్టమన్నా చాలామంది కొట్టలేదు. అందుకు దెబ్బలు తిన్నారు, నీళ్లకు దారి మూయించుకున్నారు.

చావు మాటలూ మారాయి. చచ్చిపోయాడు అనే చోట ప్రభువునందు నిద్రించాడు. పూడ్చడం భూస్థాపన అయింది. పెద్దదినం పోయి ఆదరణ కూడిక, అంటే పోయినవాళ్ల ఇంటివాళ్లను ఓదార్చే ప్రార్థన, వచ్చింది. ఇంగ్లీషు సెమెటరీ కూడా నిద్రపోయే చోటు అనే గ్రీకు మాట నుంచే వచ్చింది, కాబట్టి నిద్రించడం అన్నది చాలా పాత ఊహ. అప్పటిదాకా పల్లె చావుకు ఊరి వాళ్లు వాడిన మాటల్లో గౌరవం తక్కువ. కొత్త మాటలు మా వాళ్ల చావుకు మర్యాద తెచ్చాయి. అదేమీ చిన్న సంగతి కాదు. అయినా మా అమ్మమ్మ చివరి దాకా "మట్టి చేశారు" అనే అనేది. పాట, ప్రార్థన మారాయి గానీ దిబ్బ మారలేదు. అదే వాగు గట్టు, అవే తాళ్లు. కొత్త స్థలం ఎవరూ ఇవ్వలేదు కాబట్టి కొత్త కాగితమూ పుట్టలేదు.

శ్మశానాల బాగోగులు పంచాయతీ బాధ్యతేనని 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఉంది. కానీ రికార్డులో లేని శ్మశానానికి పంచాయతీ గోడ ఎలా కడుతుంది? 2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది, డ్రోన్లు ఎగిరాయి. పై నుంచి చూస్తే సిమెంటు సిలువ కనిపిస్తుంది. రెండు వానలకు కుంగిపోయిన మట్టికుప్ప కనిపించదు. సిమెంటు వేయించే స్తోమత లేనివాళ్ల సమాధులే ఎక్కువ. ఆ నేల ఖాళీగా ఉందనుకుని పక్క రైతు ఏటా ఒక సాలు ముందుకు దున్నుతాడు. మా దిబ్బకు తూర్పున అలా ఎంత పోయిందో చూపించడానికి ఇప్పుడు గుర్తులు కూడా లేవు.

పెద్దమ్మ ఆదరణ కూడిక రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక చర్చి అరుగు మీద కూర్చుని అర్జీ రాశాం. ఏ మాట రాయాలన్న దగ్గరే గంట పట్టింది. సమాధుల తోట అని రాయమన్నాడు పాస్టరు గారు. అలాంటి పద్దు రిజిస్టర్లో ఉండదని, శ్మశానం అనే రాయాలని డిగ్రీ చదివిన మా చిన్నోడు పట్టుబట్టాడు. శ్మశానం అంటే కాల్చేది కదరా, మనం కాల్చమే అని బాబాయి బాధపడ్డాడు. చివరికి క్రైస్తవ శ్మశానం పోరంబోకుగా మార్చాలని రాసి, సర్వే నంబరు వేసి, కింద ఇంకో వరుస చేర్చాం: "ఈ స్థలాన్ని మా పూర్వీకుల కాలం నుంచి తాళ్లదిబ్బ అంటారు." నలభై ఒక్క మంది సంతకాలు, వేలిముద్రలు పెట్టారు.