దివ్యాంగ విద్యార్థులూ, సదరం ఒక్కటే చాలదు: కాలేజీ నమోదుపై అపోహలు - వాస్తవాలు

రాజమండ్రి, అమలాపురం, భీమవరం చుట్టుపక్కల కాలేజీల్లో చేరే దివ్యాంగ విద్యార్థుల చేత క్లాసులో, పరీక్షల్లో కావాల్సిన సర్దుబాట్ల కోసం దరఖాస్తులు పెట్టించడం నా పని. ఏటా అడ్మిషన్ల సమయంలో అవే మాటలు వింటుంటాను. వాటి వల్ల చదవగలిగిన పిల్లలు కూడా మార్కులు పోగొట్టుకుంటున్నారు కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: సదరం సర్టిఫికెట్ ఉంది, ఇక కాలేజీ వాళ్లే చూసుకుంటారు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. సదరం అంటే వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ సర్టిఫికెట్, కానీ మన ఇళ్లలో అది పింఛను కాగితం. నెలకు 6,000 వస్తుంటే దాని పని అయిపోయిందనుకుని బీరువాలో దాచేస్తారు. అందులోని వివరాలు దానంతటవే కాలేజీకి చేరవు. అడ్మిషన్ ఫారంలో పీహెచ్ (దివ్యాంగుల) కోటా అని పెట్టినా అది సీటు వరకే. పరీక్షలో అదనపు సమయం, స్క్రైబ్ (మనం చెబుతుంటే జవాబులు రాసిపెట్టే మనిషి), కింది అంతస్తులో క్లాసు, ఇవన్నీ విడిగా రాసి అడగాలి. సమాన అవకాశాల విభాగం ఉంటే అక్కడ, లేకపోతే ప్రిన్సిపాల్‌ గారికి ఇవ్వండి. పరీక్షల విషయమైతే ఎగ్జామ్ బ్రాంచ్‌కి కూడా ఒక కాపీ వెళ్లాలి. మీ కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోవడం మర్చిపోకండి.

రాసే తీరు కూడా ముఖ్యమే. "నేను దివ్యాంగురాలిని, దయచేసి సహాయం చేయగలరు" అని రాస్తే ఏం చేయాలో ఆఫీసులో ఎవరికీ అర్థం కాదు. వినికిడి సమస్య ఉన్న ఒకమ్మాయి దరఖాస్తు ఇలా రాసుకున్నాం: "నాకు కుడి చెవి వినపడదు. కుడివైపు గోడ పక్కన ముందు బెంచీ ఇస్తే ఎడమ చెవి లెక్చరర్ వైపు ఉంటుంది. బోర్డు వైపు తిరిగి చెప్పేది నాకు అందదు, నోట్సు కాపీ ఇప్పించండి. పరీక్ష హాల్లో ప్రశ్నపత్రంలో తప్పులు నోటితో చెప్పినప్పుడు నాకు కాగితం మీద రాసి చూపించండి." ఈ మూడింటిలో దేనికీ కాలేజీ పెద్దగా ఖర్చు పెట్టాల్సిన పని లేదు.

అపోహ: వైకల్యం 40 శాతం లేకపోతే ఏదీ రాదు.

40 శాతం గీత రిజర్వేషన్‌కి. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు, వయసులో అయిదేళ్ల సడలింపు ఆ గీత దాటినవాళ్లకే. కానీ చదువుకు అవసరమైన సర్దుబాట్లు అడిగే హక్కు ఆ గీత దగ్గర ఆగిపోదు. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. 40 శాతం లోపు ఉండి రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం 2022 ఆగస్టులో కేంద్రం వేరుగా మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే రాయలేకపోతున్నారని ప్రభుత్వ ఆసుపత్రి నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.

అపోహ: కంటికి కనిపించే వైకల్యమే లెక్క.

1995 నాటి దివ్యాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఇప్పుడు 21. డిస్లెక్సియా లాంటి అభ్యసన సమస్యలు, ఆటిజం, మానసిక అనారోగ్యం, హీమోఫిలియా, తలసేమియా, సికిల్ సెల్ లాంటి రక్త జబ్బులు అన్నీ ఉన్నాయి. రంపచోడవరం వైపు నుంచి రాజమండ్రి వచ్చి చదువుకునే పిల్లల్లో సికిల్ సెల్ ఉన్నవాళ్లు కనిపిస్తుంటారు. నొప్పి వచ్చిన వారం క్లాసులు పోతే, "జబ్బు కదా, ఎవరేం చేస్తారు" అని ఊరుకుంటారు. ఊరుకోవద్దు, హాజరు విషయం రాసి అడగండి.

అపోహ: స్క్రైబ్‌ని పరీక్ష ముందు చూసుకోవచ్చు.

హాల్ టికెట్ వచ్చాక పరుగెత్తితే దొరికినవాళ్లతో సర్దుకోవాలి. బీఎస్సీ మ్యాథ్స్ పేపర్‌కి ఇంటిగ్రల్ గుర్తు ఎప్పుడూ చూడనివాళ్లు కూర్చుంటే, విద్యార్థి సమయమంతా గుర్తు ఎలా గీయాలో చెప్పడానికే సరిపోతుంది. పరీక్షకు రెండు రోజుల ముందే స్క్రైబ్‌ని కలిసి సరిపోతారో లేదో చూసుకోవచ్చని పరీక్షలపై కేంద్రం ఇచ్చిన 2018 మార్గదర్శకాల్లోనే చెప్పారు. ఆ అవకాశం అడిగి తీసుకోండి. స్క్రైబ్ అర్హతల నియమాలు మారుతుంటాయి కాబట్టి సెమిస్టర్ మొదట్లోనే ఎగ్జామ్ బ్రాంచ్‌లో కనుక్కోండి. అదనపు సమయం గంటకు కనీసం 20 నిమిషాలు, అంటే మూడు గంటల పేపర్‌కి ఒక గంట. 40 శాతం, ఆపైన ఉన్నవాళ్లు స్క్రైబ్ లేకుండా సొంతంగా రాసుకున్నా ఈ సమయం అడగొచ్చు.

అపోహ: దివ్యాంగురాలిగా పేరు నమోదైతే రేపు అమ్మాయికి సంబంధాలు రావు.

తల్లులు నన్ను పక్కకి పిలిచి అడిగే మాట ఇది. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ దరఖాస్తు నోటీసు బోర్డు మీద పెట్టే కాగితం కాదు. సంబంధిత సిబ్బందికి తప్ప ఎవరికీ చెప్పవద్దని అందులోనే ఒక వాక్యం రాయండి, క్లాసులో పేరు చదవవద్దని కూడా. అమ్మాయి ఫెయిలైతే మాత్రం ఆ సంగతి దాచలేం.

అపోహ: సర్టిఫికెట్ చేతికొచ్చాకే దరఖాస్తు పెట్టాలి.

సదరం స్లాటు దొరకడానికే రోజులు పడుతుంది. లంక ఊళ్ల పిల్లలకైతే వరదల్లో పంటు ఆగిపోయి ఆ స్లాటు కూడా పోవచ్చు. అందుకే స్లాటు రసీదు, ఉన్న ఆసుపత్రి రిపోర్టులు జతచేసి ముందే దరఖాస్తు ఇవ్వమంటాను. "సర్టిఫికెట్ రాగానే సమర్పిస్తాను" అని కింద రాయండి. అప్పుడు మీరు అడిగిన తేదీ ఫైల్లో ఉంటుంది, క్లాసు గది మార్చడం లాంటివి ఈలోపే మొదలవుతాయి. కాలేజీ వాళ్లు కాదంటే కారణం రాతపూర్వకంగా ఇమ్మనండి. రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు చేయాల్సి వస్తే ఆ కాగితం, స్టాంపు వేసిన మీ కాపీ రెండూ జతచేయండి.