సెకండ్ హ్యాండ్ అడ్వెంచర్ బైక్: మీటర్ మీద అంకె చూసి అడ్వాన్స్ ఇవ్వకండి

నాకు వచ్చే ఫోన్లలో సగానికి పైగా ఇలాగే ఉంటాయి. "అన్నా, 2018 రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్. ఆరు వేల కిలోమీటర్లే తిరిగింది. సాయంత్రంలోపు ఇంకెవరో తీసుకుంటారంట. అడ్వాన్స్ వేసెయ్యనా?" టైర్లు ఏ సంవత్సరానివి అని అడుగుతాను. తెలియదు. సర్వీస్ బిల్లులు ఉన్నాయా? అడగలేదు. పొద్దున్నే చల్లగా ఉన్న ఇంజిన్ స్టార్ట్ చేసి చూశారా? లేదు, వెళ్లేసరికే బండి స్టార్ట్ చేసి ఉంచారు. తెలిసిందల్లా మీటర్ మీద ఉన్న అంకె ఒక్కటే.

హైదరాబాద్‌లో నాకు చిన్న వర్క్‌షాప్ ఉంది. కొనేవాళ్ల తరఫున వెళ్లి పాత బండ్లు చెక్ చేసి చెప్పడం కూడా నా పనే. నేను చూసినంతలో జనం డబ్బు ఎక్కువగా పోతున్నది ఈ ఒక్క నమ్మకం వల్లే. అందుకే దీని గురించే ఎక్కువ చెప్తాను.

అపోహ: తక్కువ తిరిగిన బండి అంటే కొత్త బండి లాంటిదే

మీటర్ మార్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. డిజిటల్ మీటర్‌ని మార్చలేరనుకోవడం కూడా పొరపాటే. కానీ నన్ను ఎక్కువ బాధపెట్టేది అది కాదు. అంకె నిజమే అయినా బండి పాడైపోయి ఉండొచ్చు. అడ్వెంచర్ బండ్ల విషయంలో ఇది మరీ ఎక్కువ.

ఎందుకంటే ఈ బండ్లు కొనేవాళ్లలో చాలామంది లడఖ్ కలతో కొంటారు. మొదటి నెలలో అనంతగిరి, రెండో నెలలో శ్రీశైలం ఘాట్, తర్వాత ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. బండి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఓ మూలకు చేరుతుంది. దుమ్ము పడకుండా పైన కవర్ కప్పుతారు. వానాకాలంలో ఆ కవరే తడిని లోపల పట్టి ఉంచుతుంది. మూడు నాలుగేళ్ల తర్వాత "సింగిల్ ఓనర్, లెస్ డ్రివెన్" అని అమ్మకానికి పెడతారు. అమ్మేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లూ అది మంచి బండి అనే నమ్ముతున్నారు.

నిలబెట్టిన బండిలో జరిగేది ఇది. ఇప్పుడు పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతం దాకా కలుస్తోంది. ఇథనాల్ తేమను లాగుతుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో ఆ నీరు అడుక్కి చేరి తుప్పు మొదలవుతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో పంప్ ట్యాంకులోనే ఉంటుంది కాబట్టి ఆ తుప్పు పొడి ముందు ఫిల్టర్‌లో, ఆ తర్వాత ఇంజెక్టర్‌లో చేరుతుంది. బ్రేక్ ఆయిల్ కూడా తేమను పీల్చుకుంటుంది. బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి దాన్ని మార్చాల్సిందే. మార్చకపోతే బ్రేక్ ప్యాడ్లని నొక్కే కాలిపర్‌లో పిస్టన్ పట్టేస్తుంది. ముందు సస్పెన్షన్‌లో ఆయిల్‌ని ఆపే ఫోర్క్ సీళ్లు ఎండిపోయి, బండి మళ్లీ తిరగడం మొదలైన వారంలోనే లీకవుతాయి. టైర్ల గుండీలు కొత్తగానే కనిపిస్తాయి కానీ రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. తడి ఘాట్ రోడ్డు మీద అలాంటి టైరు జారితే ప్రాణం మీదికి వస్తుంది.

ఈ మధ్య కరీంనగర్ వైపు నుంచి ఓ కుర్రాడు బండి కొనుక్కుని నేరుగా నా దగ్గరికే తెచ్చాడు. మీటర్ మీద ఏడు వేల లోపే ఉంది. తక్కువ తిరిగిందని మార్కెట్ రేటు కంటే ముప్పై వేలు ఎక్కువ పెట్టాడు. సెంటర్ స్టాండ్ వేసి, వెనక ఒకరిని కూర్చోబెట్టి ముందు చక్రం గాల్లోకి లేపాను. హ్యాండిల్‌ని ఒక్క వేలితో మెల్లగా అటూ ఇటూ తిప్పితే సరిగ్గా మధ్యలోకి రాగానే 'టక్' మని ఆగింది. కోన్ సెట్‌లో, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగుల్లో, గుంటలు పడ్డాయన్నమాట. బ్రేక్ డిస్క్ అంచు మీద గోరు పెట్టి గీస్తే మెట్టులాగా తగిలింది. వెనక స్ప్రాకెట్ పళ్లు ఒకవైపుకి కొక్కేల్లా వంగాయి. ఏడు వేలకి ఇవేవీ ఇలా అరగవు. ట్యాంక్ మూత తీసి టార్చ్ వేస్తే అడుగంతా ఎర్రటి పొర. అంటే ఆ బండి బాగా తిరిగింది, తర్వాత చాలాకాలం నిలబడింది, మధ్యలో మీటర్ కూడా మారింది. మూడు కష్టాలూ ఒకే బండిలో కలిశాయి. అమ్మిన వ్యక్తి ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ కుర్రాడు రెండేళ్లు దాచుకున్న డబ్బు అది. అతని ముఖం చూశాక ఇది రాయాలనిపించింది.

దీనికి పూర్తి వ్యతిరేకం కూడా చూశాను. విశాఖలో బ్యాంకులో పనిచేసే ఒకాయన నలభై ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగిన బండి అమ్ముతుంటే, మీటర్ చూసి ఎవరూ ముందుకు రాలేదు. ఆయన దగ్గర మొదటి సర్వీస్ నుంచి ప్రతి బిల్లూ ఫైల్‌లో ఉంది. కోన్ సెట్ ఎప్పుడు మార్చారో, చైన్ స్ప్రాకెట్ ఎన్ని వేలకు మార్చారో అన్నీ రాసి పెట్టుకున్నారు. రోజూ తిరిగే బండి కాబట్టి సీళ్లు మెత్తగా ఉన్నాయి. బ్రేక్ ఆయిల్ శుభ్రంగా ఉంది. నా దగ్గరికి వచ్చిన ఓ ఉపాధ్యాయుడికి అదే తీసుకోమని చెప్పాను. ఇప్పటికీ ఆయిల్ మార్చడానికి తప్ప ఆయన వర్క్‌షాప్‌కి రావడం లేదు.

కాబట్టి కిలోమీటర్లు అడగండి, కానీ వాటికి సాక్ష్యం కూడా అడగండి. అన్నిటికంటే గట్టి సాక్ష్యం సర్వీస్ చరిత్ర. ఓనర్‌ని వెంటబెట్టుకుని ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి ఛాసిస్ నంబర్ ఇస్తే, అక్కడ చేయించిన సర్వీసుల తేదీలు, అప్పటి మీటర్ రీడింగులు వాళ్ల సిస్టమ్‌లో కనిపిస్తాయి. 2021లో పద్దెనిమిది వేలు, ఇప్పుడు తొమ్మిది వేలు అని ఉంటే ఇక మాట్లాడాల్సిందేమీ లేదు. ఓనర్ రానంటే ఆ బండి వదిలేయండి. ఇంకోటి దొరుకుతుంది.

టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2318 అని ఉంటే 2018లో ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. 2018 బండికి 2018 టైర్లే ఉంటే, వాటి ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. ఆరు వేలే తిరిగిందన్న బండికి గత ఏడాది టైర్లు ఉంటే, పాతవి ఎందుకు మార్చాల్సి వచ్చిందని అడగండి.

మీరు వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయినప్పుడే టైమింగ్ చైన్ చప్పుడు, నీలం పొగ, ఐడిలింగ్ నిలకడ తెలుస్తాయి. కేటీఎం 390 అడ్వెంచర్ లాంటి లిక్విడ్ కూల్డ్ బండి అయితే రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా స్టార్టింగ్‌లోనే ఉంచండి. ఫ్యాన్ తిరగాలి, మళ్లీ ఆగాలి.

అపోహ: లడఖ్ వెళ్లొచ్చిన బండి పనికిరాదు

లడఖ్ వెళ్లడం వల్ల బండి పాడవదు. వెళ్లొచ్చాక కడిగి, విప్పి, సర్వీస్ చేయించకపోతే పాడవుతుంది. ఎయిర్ ఫిల్టర్ బాక్స్ విప్పి, ఫిల్టర్ దాటి ఇంజిన్ వైపు వేలితో తుడిచి చూడండి. అక్కడ సన్నటి దుమ్ము అంటితే ఇంజిన్ ఆ దుమ్ము మింగిందని అర్థం. ఆ బండి వద్దు. శుభ్రంగా ఉంటే రెండు చక్రాలూ పక్కకి ఊపి బేరింగులు చూడండి, స్పోకుల్ని స్పానర్‌తో మెల్లగా తట్టండి. అన్నీ దాదాపు ఒకే శబ్దం ఇవ్వాలి. ఒకటి మొద్దుగా మోగితే అది వదులైనట్టు.

గట్టిగా పడిన బండిని పట్టుకోవడానికి నేను మొదట చూసేది హ్యాండిల్ స్టాపర్. హ్యాండిల్‌ని చివరిదాకా తిప్పినప్పుడు ఫ్రేమ్‌కి ఆనుకునే చిన్న ముక్క అది. అది నొక్కుకుపోయినా, విరిగినా, దాని మీద కొత్త పెయింట్ ఉన్నా ముందు చక్రం దేన్నో బలంగా గుద్దిందని అర్థం. ట్యాంకు, ప్లాస్టిక్ ప్యానెళ్లు కొత్తవి వేసేస్తారు కానీ దీన్ని ఎవరూ పట్టించుకోరు. అక్కడే పైకి చూసి స్టీరింగ్ దగ్గర వెల్డింగ్‌లు, వెనక పెట్టెలు బిగించే చోట సబ్‌ఫ్రేమ్ కూడా చూడండి. పెయింట్‌లో సన్నటి గీతలా పగులు కనిపిస్తే ఆగిపోండి.

అపోహ: లక్ష రూపాయల యాక్సెసరీలు ఉన్నాయి కాబట్టి ఎక్కువ ఇవ్వొచ్చు

ఇవ్వనవసరం లేదు. క్రాష్ గార్డ్, పెట్టెలు, ఫాగ్ ల్యాంపులు కొన్నవాళ్ల ముచ్చట అవి. మీకు అవసరమైనవాటికి కొంత ఇవ్వండి, చాలు. అదనపు లైట్లకు రిలే (లైట్ల కరెంటుని విడిగా నడిపే స్విచ్) లేకుండా, వైర్లు కోసి ఇన్సులేషన్ టేప్ చుట్టి ఉంటే ధర తగ్గించమనండి. ఆ వైరింగ్ మొత్తం మళ్లీ చేయించాలి.

అపోహ: 400 సీసీ లేకపోతే అది అడ్వెంచర్ బైకే కాదు

బడ్జెట్ తక్కువని మొహమాటపడుతూ మాట్లాడేవాళ్లని చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. హీరో ఎక్స్‌పల్స్ 200 బరువు 160 కిలోల లోపే. ముందు 21 అంగుళాలు, వెనక 18 అంగుళాల చక్రాలు. మారేడుమిల్లి మట్టి దారుల్లో ఒంటరిగా పడిపోతే మీరే లేపి నిలబెట్టుకోగలరు. పార్టులు ఊరూరా దొరుకుతాయి. హైవే మీద గంటకి 80, 90 దగ్గర హాయిగా ఉంటుంది, అంతకుమించి ఆశించకండి. రోజుకి ఐదారు వందల కిలోమీటర్లు ఇద్దరు సామాన్లతో వెళ్లాలంటే 411 సీసీ హిమాలయన్ నయం. అయితే బరువు దాదాపు 200 కిలోలు. 2017లో దానికి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. మొదట్లో వచ్చిన 2016 కార్బురేటర్ బండి చవగ్గా దొరికినా, మొదటిసారి కొనేవాళ్లకి నేను చెప్పను.

ఎత్తు తక్కువని టెన్షన్ పడేవాళ్లకి ఒక మాట. హిమాలయన్ 411 సీటు 800 మిల్లీమీటర్లు, ఎక్స్‌పల్స్ 820 పైన, మొదట్లో వచ్చిన 390 అడ్వెంచర్ 855. ఐదున్నర అడుగుల మనిషి ఇవన్నీ నడపగలడు, కానీ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు రెండు పాదాలూ ఆనించాలన్న అలవాటు మానుకోవాలి. కొనేముందు ఓ అరగంట నడిపి చూడండి. సీటు ఫోమ్ కోయించుకోవడం చివరి మార్గం.

అపోహ: ఫారాలు సంతకం చేసి ఇచ్చాడు కదా, ట్రాన్స్‌ఫర్ తర్వాత చూసుకోవచ్చు

డబ్బు పోయే రెండో పెద్ద దారి ఇది. ట్రాన్స్‌ఫర్‌కి ఇవ్వాల్సిన ఫారం 29, 30 సంతకాలతో జేబులో పెట్టుకుని ఏళ్ల తరబడి తిరిగేవాళ్లు ఉన్నారు. ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే ఓనర్ అని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. అమ్మినవాళ్లకి అది తలనొప్పి. కొన్న మీకు ఇంకో నష్టం ఉంది. బండి చేతులు మారిన 14 రోజుల్లో ఇన్సూరెన్స్ మీ పేరు మీదికి మార్చుకోకపోతే, ప్రమాదంలో మీ బండికి అయిన నష్టానికి క్లెయిమ్ తిరస్కరించవచ్చు. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు. దాన్ని లెక్కలో వేసుకుని బేరం చేయకండి.

అడ్వాన్స్ ఇచ్చేముందు ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి చూడండి. ఎన్నో ఓనరో, ఇన్సూరెన్స్ ఉందో లేదో, ఫైనాన్స్ ఉందో లేదో అక్కడే తెలుస్తుంది. హెచ్‌పీ (బండి మీద లోన్ ఉందన్న గుర్తు) కనిపిస్తే "లోన్ ఎప్పుడో కట్టేశానండీ" అన్న మాట సరిపోదు. బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 ఇచ్చి ఆర్సీలో హెచ్‌పీ తీయించాకే మిగతా డబ్బు ఇవ్వండి. చలాన్లు కూడా చూడండి, ట్రాన్స్‌ఫర్ దగ్గర అవి బయటికి వస్తాయి.

కర్ణాటక, మహారాష్ట్ర, ఢిల్లీ బండ్లు ఇక్కడికంటే ఇరవై, ముప్పై వేలు తక్కువకి కనిపిస్తాయి. తొందరపడకండి. అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తేవాలి. ఇక్కడ బండి వయసుని బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. అక్కడ కట్టినది వెనక్కి తెచ్చుకోవాలంటే పాత ఓనర్ పేరుతోనే దరఖాస్తు పెట్టాలి, ఆయన తిరగడు. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకి మించి ఇక్కడ ఉంచుకుంటే కొత్త నంబర్ తీసుకోవడం చట్టప్రకారం తప్పనిసరి. ఈ ఖర్చులన్నీ కాగితం మీద వేసి చూడండి. చాలాసార్లు ఇక్కడి నంబర్ బండే చవక పడుతుంది.

చివరగా బడ్జెట్ గురించి. చేతిలో లక్షన్నర ఉంటే లక్షన్నర బండి చూడకండి. లక్షా పాతిక వేలలో వెతకండి. మిగతా పాతిక వేలు టైర్లకి, చైన్ స్ప్రాకెట్‌కి, కోన్ సెట్‌కి, బ్యాటరీకి, ట్రాన్స్‌ఫర్‌కి, ఇన్సూరెన్స్‌కి పోతాయి. కొన్న మొదటి వారంలోనే అన్ని ఆయిళ్లూ, బ్రేక్ ఆయిల్‌తో సహా, మార్పించండి. ఆ తారీఖు, మీటర్ రీడింగ్ ఒక పుస్తకంలో రాసి బిల్లు దానికే పిన్ చేయండి.