ఇంగ్లండ్ పల్లెటూరి చర్చి: తాళంచెవితో పాటు చేతికొచ్చే కథలు

నేను ఇంగ్లండులో పాత కట్టడాల మరమ్మతులు చూసే ఆర్కిటెక్టుని. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ కింద ఉన్న ప్రతి చర్చినీ అయిదేళ్లకోసారి ఎవరో ఒకరు కప్పు నుంచి పునాది దాకా చూసి రిపోర్టు రాయాలి. 1955లో వచ్చిన నిబంధన అది. ఆ పని మీద టార్చి, బైనాక్యులర్సు సంచిలో వేసుకుని పల్లెలు తిరుగుతుంటాను. ఏ ఊరెళ్లినా తాళంచెవి ఇచ్చే పెద్దమనిషి ఓ కథ కూడా చేతిలో పెడతాడు. ఈమధ్య మనవాళ్లు ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని ఈ ఊళ్లకు తిప్పుతున్నారు. దాంతో అవే కథలు వాట్సాప్‌లో నాకే తిరిగొస్తున్నాయి. కొన్నింటి సంగతి ఇక్కడ రాసేస్తున్నాను.

అపోహ: "ఈ చర్చి 12వ శతాబ్దంలో కట్టింది."

బోర్డు మీద అలాగే ఉంటుంది. పూర్తి అబద్ధమేమీ కాదు. మన మండువా ఇల్లు ముత్తాత కట్టాడనే చెప్పుకుంటాం. కానీ వంటిల్లు తాత వేసింది, పెంకు నాన్న మార్చింది, బాత్రూము మనం కట్టుకున్నది. ఇదీ అంతే. జనం కూర్చునే పెద్ద హాలును నేవ్ అంటారు, బలిపీఠం ఉండే తూర్పు భాగం చాన్సెల్. నేవ్ ఒక కాలానిది, చాన్సెల్ ఇంకో కాలానిది, టవర్ మరో రెండు వందల ఏళ్ల తర్వాతది కావడం మామూలే.

గుండ్రటి కమాను ఉంటే నార్మన్ల కాలం (1066లో ఇంగ్లండును జయించినవాళ్లు), మొన తేలితే ఆ తర్వాతది అన్న లెక్క చాలామందికి తెలుసు. ఈ శైలులకు మనం ఇవాళ వాడే పేర్లు 1817లో థామస్ రిక్‌మన్ స్థిరపరిచినవి. అయితే ఈ లెక్క కిటికీ వయసే చెబుతుంది, గోడ వయసు కాదు. డబ్బున్న రైతు పాత గోడకే కన్నం పెట్టించి కొత్త ఫ్యాషను కిటికీ పెట్టించేవాడు. అందుకే నేను ముందు టవర్ తూర్పు ముఖం చూస్తాను. ఒకప్పటి నేవ్ కప్పు ఆనిన చోట తిరగేసిన 'వి' ఆకారంలో ఏటవాలు గీత కనబడుతుంది. ఇప్పటి కప్పు ఆ గీతకు ఎంత కిందుంటే, పాత కప్పు అంత నిటారుగా ఉండేదన్నమాట.

రాయిని చూసి కూడా మోసపోతాం. డరమ్ కౌంటీలోని ఎస్కం చర్చి ఏడో శతాబ్దంలో, నార్మన్లకు ముందున్న సాక్సన్లు కట్టింది. రాళ్లు మాత్రం దగ్గర్లో పాడుబడ్డ బించెస్టర్ రోమన్ కోటవి. ఉత్తరం గోడలో ఒక రాయి మీద రోమన్ సైన్యంలోని ఆరో లెజియన్ (దళం) పేరు చెక్కి ఉంది, తలకిందులుగా. పెట్టిన మేస్త్రీకి చదువు రాదో, వచ్చినా పట్టించుకోలేదో! నాకెందుకో రెండోదే అనిపిస్తుంది.

అపోహ: "చాన్సెల్ కాస్త పక్కకు వంగి ఉంటుంది, సిలువ మీద క్రీస్తు తల వాల్చినందుకు గుర్తు."

వినడానికి ఎంత బాగుంటుందో! కానీ టేపు పెట్టి కొలిస్తే కొన్ని ఎడమకు, కొన్ని కుడికి వంగి ఉంటాయి. అసలు సంగతి ఖర్చు దగ్గరుంది. మధ్యయుగాల ఆనవాయితీ ప్రకారం నేవ్ మరమ్మతు ఊరి జనానిది. చాన్సెల్ మరమ్మతు మాత్రం పంటలో పదో వంతు తీసుకునే రెక్టరుది, అంటే ఆ చర్చి ఆదాయానికి హక్కుదారుది. రెండు జేబులు కదా, రెండూ ఒకేసారి నిండవు. పాత చాన్సెల్లో పూజ జరుగుతుండగానే దాని చుట్టూ కొత్త గోడలు లేపేవాళ్లు. మధ్యలో గోడ అడ్డం ఉంటే తాడు సూటిగా లాగడం ఎలా? అలా నాలుగు అంగుళాలు పక్కకు పోయేది.

ఆ రెండు జేబుల లెక్క ఇంకా పూర్తిగా పోలేదు. ఆస్టన్ కాంట్లో అనే ఊళ్లో, భూమితో పాటు వచ్చిన ఈ బాధ్యత వల్ల మామూలు దంపతులే చాన్సెల్ బాగుచేయించాలని 2003లో, అప్పట్లో అత్యున్నత న్యాయస్థానం కూడా అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది.

అపోహ: "పాత చర్చి అంటే రంగుల్లేని వట్టి రాయి."

లోపలి గోడలకు సున్నం పూసి, దాని మీద బొమ్మలు వేసేవాళ్లు. చదువురాని జనానికి అంతిమ తీర్పు కళ్లకు కట్టేది. పదహారో శతాబ్దపు మత సంస్కరణలో వాటికి వెల్లవేసి కప్పేశారు. పంతొమ్మిదో శతాబ్దంలో 'బాగుచేస్తున్నాం' అంటూ పూతంతా గీకి రాయి బయటపెట్టారు. మనం పాతదనుకునే ఆ వట్టి రాయి చాలాచోట్ల ఆ గీకుడు పుణ్యమే. దానికి ఒళ్లు మండిన కవి, డిజైనర్ విలియం మోరిస్ 1877లో పాత కట్టడాల రక్షణకు సంఘం పెట్టాడు.

సఫక్‌లోని వెన్‌హాస్టన్‌లో 1892లో మరమ్మతులు చేస్తూ, వెల్లవేసిన చెక్కల్ని చెత్త అనుకుని శ్మశానంలో పడేశారు. రాత్రి వాన కురిసింది. తెల్లారేసరికి వెల్ల కరిగి తీర్పు దినం బొమ్మలు బయటపడ్డాయి. ఇప్పుడు అవి ఆ చర్చిలోనే ఉన్నాయి.

గబగబా మరికొన్ని

చర్చి ఆవరణలో ఉండే యూ చెట్లను విల్లుల కోసం పెంచారంటారు. మంచి విల్లు కర్ర ఎక్కువగా విదేశాల నుంచే వచ్చేది. సరుకుతో వచ్చే ఓడలు టన్నుకు నాలుగు చొప్పున విల్లు కర్రలు తేవాలని 1472లో చట్టమే చేశారు. కాళ్లు మడిచి పడుకున్న వీరుడి శిల్పం ఉంటే క్రూసేడుకు (జెరూసలేం కోసం చేసిన మతయుద్ధానికి) వెళ్లొచ్చాడని కాదు, అప్పటి శిల్పుల పోకడ అది. చాన్సెల్ గోడలో కింద ఉండే చిన్న కిటికీ కుష్ఠురోగుల కోసమన్నదీ నిలవదు, వాళ్లకు ఊరి బయట ఆసుపత్రులు, వాటికి సొంత ప్రార్థనామందిరాలు ఉండేవి. ఇక చర్చి నుంచి సారాకొట్టుకి సొరంగం ఉందన్న కథ... నేను చూసినవన్నీ మురుగు తూములే.

అపోహ: "సిమెంటు గట్టిది కాబట్టి మేలు."

నా వృత్తిలో అన్నిటికన్నా ఖరీదైన అపోహ ఇది. రాళ్ల సందుల్లో ఉండే సున్నం రాయి కన్నా మెత్తగా ఉండాలి. గోడలో చేరిన తేమ ఆ సందుల్లోంచి ఆరిపోతుంది. సిమెంటు కొడితే నీరు రాయిలోంచే బయటికి రావాలి. చలికాలం అది గడ్డకట్టి రాయి ముఖం పొరలుగా రాలుతుంది. చివరికి సిమెంటు గీతలు మిగిలి, మధ్యలో రాళ్లు తేనెపట్టు గదుల్లా గుంటలు పడతాయి. మన దగ్గర గానుగలో తిప్పి చేసే డంగు సున్నం గురించి తెలిసిన మేస్త్రీకి ఇది చెప్పక్కర్లేదు.

సున్నానికి ఓపిక కావాలి. ఒకసారి అక్టోబరు చివర్లో, పని తొందరలో, సందులకు సున్నం కొట్టడానికి నేనే సరేనన్నాను. అది గట్టిపడకముందే, వారానికి మంచు పడింది. వసంతంలో వేలితో గీస్తే సందుల్లో సున్నం పిండిలా రాలింది. తప్పు నాది, మళ్లీ చేయించాను.

అపోహ: "చర్చి కుంగిపోతోంది."

గుమ్మం దగ్గర రెండు మెట్లు దిగి లోపలికి వెళ్తే అలాగే అనిపిస్తుంది. చర్చి ఎక్కడిదక్కడే ఉంది, నేల లేచింది. వందల ఏళ్లుగా అదే స్థలంలో సమాధి మీద సమాధి చేస్తే మట్టి పెరగదా? పెరిగిన మట్టి గోడకు ఆనుకుని తేమ ఎక్కిస్తుంది. దాన్ని తవ్వి పక్కన గులకరాళ్ల కాలువ వేయాలి. పురావస్తు నిపుణుడు పక్కన నిలబడాలి, ఎందుకంటే రెండు పారల లోతులోనే ఎముకలొస్తాయి. పోయినేడు తవ్వించిన చోట దొరికినవన్నీ పెట్టెలో పెట్టి, వికారు (ఊరి చర్చి పాదిరి) ప్రార్థన చేసి అదే ఆవరణలో పూడ్చారు. వచ్చే నెల ఆ గోడకు మళ్లీ తేమ మీటరు పెట్టి చూడాలి.